జూడోలో ఏ త్రో ఎంచుకోవాలి? తప్పితే ఎలా మిగులుతామో చూసి తేల్చుకునే పద్ధతి

త్రో ఎంచుకునేటప్పుడు చాలామంది "దీంతో ఇప్పోన్ (ఒక్క దెబ్బతో మ్యాచ్ గెలిపించే పూర్తి స్కోరు) వస్తుందా?" అని చూస్తారు. అంతకంటే ముందు చూసుకోవలసింది ఇంకొకటి ఉంది: ఇది సగంలో ఆగిపోతే నేను ఏ స్థితిలో మిగులుతాను? ఒంటికాలి మీద, వీపు అప్పగించి, తల వెనక్కి వాల్చి మిగిలితే ఆ త్రో ఎంత అందమైనదైనా బేరం ఖరీదైనదే. రెండు పాదాలూ నేల మీద, నడుం నిటారుగా, చేతిలో స్లీవ్ పట్టు ఉండగా మిగిలితే తప్పినా పోయేదేమీ లేదు, వెంటనే ఇంకో ఎత్తు వేయొచ్చు. ఈ పోలికంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. ఉదాహరణలన్నీ కుడి వాటం వాళ్ళవి: కుడిచేయి ప్రత్యర్థి కాలర్ మీద, ఎడమచేయి ప్రత్యర్థి కుడి స్లీవ్ మీద. ఎడమ వాటం వాళ్ళు అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోవాలి.

కౌంటర్ ఎక్కడ పుడుతుంది

త్రోకి మూడు దశలు. కుజుషి అంటే ప్రత్యర్థి నిలకడ చెడగొట్టడం, త్సుకురి అంటే మన ఒళ్ళు చోటులోకి చేరడం, కాకే అంటే అసలు వేటు. కాయెషి-వజా, అంటే ఎదురు త్రోలు, చాలావరకు రెండో దశకీ మూడో దశకీ మధ్య సందులోనే పుడతాయి. మనం లోపలికి దూరేశాం, కాని ప్రత్యర్థి బరువు ఇంకా వాళ్ళ పాదాల మీదే ఉంది. అప్పుడు నిలకడ లేనిది మనకే. కుజుషి లేకుండా లోపలికి వెళ్ళడం ఒక తప్పు, వెళ్ళాక తటపటాయించడం రెండో తప్పు. రెండూ కలిస్తే ఎదుటివారికి పెద్ద నైపుణ్యం కూడా అక్కర్లేదు.

కౌంటర్లు చూడ్డానికి బోలెడు కనిపించినా, పనిచేసే తీరు నాలుగు రకాలే. మొదటిది ఆపి ఎత్తడం: తుంటి ముందుకు నెట్టి మనల్ని అడ్డుకుని, నడుం చుట్టూ చేయి వేసి గాల్లోకి లేపుతారు. ఉరా-నాగె, ఉషిరో-గోషి, ఉత్సురి-గోషి ఈ రకం. రెండోది తప్పుకోవడం: మన కాలు తగలాల్సిన చోట నుంచి తప్పుకుని, మన ఊపుతోనే మనల్ని తిప్పేస్తారు. ఉచి-మాతా-సుకాషి, త్సుబామె-గాయెషి ఇలాంటివి. మూడోది అదే దారిలో తిరగేయడం: ఒసోతో-గాయెషి, ఓఉచి-గాయెషి వంటివి. నాలుగోది వెనక నుంచి కూలదోయడం: తాని-ఓతోషి, కొన్నిసార్లు కోసోతో-గాకె. జూడో మూలసంస్థ కోడోకాన్ జాబితాలో ఉన్న 68 నాగె-వజాల్లో, అంటే పడేసే త్రోల్లో, ఏది దేనికి విరుగుడో కొన్ని పేర్లే చెప్పేస్తాయి. సుమి-గాయెషి పేరు చూసి మాత్రం మోసపోవద్దు, అది నేరుగా వేసే త్రో.

నియమాల వల్ల మారిన సంగతి ఒకటుంది. అంతర్జాతీయ జూడో సమాఖ్య నిలబడి ఉండగా బెల్టు కింద చేత్తో పట్టడాన్ని 2010లో పరిమితం చేసి, 2013లో పూర్తిగా ఆపేసింది. దాంతో ఉచి-మాతా (తొడల మధ్య కాలు పెట్టి లేపే త్రో), హరాయ్-గోషి (తుంటి మీదికి ఎక్కించి కాలితో ఊడ్చే త్రో) వేసేవాళ్ళని తొడ కింద చేయి పెట్టి లేపే తె-గురుమా పోటీల్లో కనుమరుగైంది. మీ క్లబ్బులో కాళ్ళు పట్టడం ఇంకా నడుస్తుంటే ఆ రెండు త్రోల ప్రమాదాన్ని ఒక మెట్టు పెంచి లెక్కేసుకోండి.

ఒసోతో-గారి, హరాయ్-గోషి

కొత్తవాళ్ళకి ముందుగా నేర్పేది తరచూ ఒసోతో-గారి. కౌంటర్ తిని వెల్లకిలా పడేది కూడా ఎక్కువగా దీంతోనే. కారణం సులువు: ఇందులో ఇద్దరూ ఎదురెదురుగా, ఒకే రకం భంగిమలో నిలబడతారు. మీరు వాళ్ళ కుడికాలు వెనక కాలు వేసిన క్షణాన వాళ్ళ కాలు కూడా మీ కాలు వెనకే ఉంటుంది. ఛాతీ ఎవరిది ముందుకు వాలితే త్రో వాళ్ళది. వెనక్కి వాలినవాళ్ళకి దక్కేది ఒసోతో-గాయెషి.

సరైన ప్రవేశం ఇలా ఉంటుంది. ఎడమపాదం ప్రత్యర్థి కుడిపాదం పక్కన, మధ్యలో ఒక పాదం వెడల్పు ఖాళీ ఉండేలా పడాలి. మీ బొటనవేలు వాళ్ళ మడమ గీతకి సమంగానో, కాస్త అవతలికో రావాలి. ఇవతలే ఆగిపోతే కాలు అందదు, అందుకోవడానికి తుంటి వెనక్కి పోయి ఛాతీ నిటారవుతుంది, అక్కడితో ఆట అయిపోతుంది. ఎడమచేయి స్లీవ్‌ని మీ ఎడమ తుంటి వైపు కిందికి లాగాలి, కుడిచేయి కాలర్‌ని వాళ్ళ కుడి మడమ మీదికి నొక్కాలి. వాళ్ళ బరువంతా ఆ కుడి మడమ మీద ఉందని చేతులకి తెలిశాకే కాలు లేవాలి. తొడ వెనక తొడ కొట్టేటప్పుడు పాదం వేళ్ళు చాచి, తల ముందుకు వంచాలి. వెనకకాలు పైకి లేస్తే తల కిందికి రావాలి, తక్కెడలా.

వెనక్కి రాగల గడువు చాలా తక్కువ: కుడికాలు వాళ్ళ కాలు గీత దాటకముందే తేల్చుకోవాలి. దాటాక ఆగితే రెండే దారులు. ఛాతీ అంటించి ఎడమకాలి మీద గెంతుకుంటూ ముందుకు తోయడం ఒకటి, దీన్నే కెన్-కెన్ అంటారు. కాలు దించేసి వెంటనే ఛాతీ ముందుకు పెట్టి పట్టు సరిచేసుకోవడం రెండోది. కాలు వేసి అలాగే నిలబడి బలాబలాలు తేల్చుకుందామనుకోవడం అందరూ చేసే పొరపాటు.

ఇక భద్రత సంగతి. జపాన్‌లో జూడో తలగాయాలను పరిశీలించినవాళ్ళు ఒసోతో-గారి దగ్గరే ఎక్కువ ఆగారు. కొత్తవాళ్ళు దీని కింద పడేటప్పుడు తల వెనకభాగం మ్యాట్‌కి కొట్టుకుంటుంది. కాబట్టి గడ్డం ఛాతీకి ఆనించి పడటం ఇంకా రాని జోడీ మీద ఇది పూర్తి వేగంతో వేయకండి. కౌంటర్ తినేది మీరైతే ఆ కొట్టుకునే తల మీది అవుతుంది, నియమం ఇద్దరికీ ఒకటే.

హరాయ్-గోషిలో ఒసోతో-గాయెషి భయం లేదు, కాని వీపు అప్పగిస్తారు. మీ తుంటికీ వాళ్ళ పొట్టకీ మధ్య ఖాళీ మిగిలితే ఆ ఖాళీలోకి వాళ్ళ తుంటి దిగుతుంది. అది దిగాక ఉషిరో-గోషో ఉరా-నాగెనో తప్పదు. ఖాళీ మూసేది చేతులే, తుంటి కాదు: స్లీవ్‌ని కంటిఎత్తులో బయటికి, గడియారం చూసుకుంటున్నట్టు లాగితే వాళ్ళ ఛాతీ మీ వీపుకి అంటుకుంటుంది. ప్రత్యర్థి మీకంటే బరువైనవారు, గట్టి నడుం పట్టు ఉన్నవారు అయితే హరాయ్-గోషి కంటే ఒసోతోనే నయం. పొట్టిగా, నిటారుగా నిలబడి మీ మీదికి వచ్చేవారైతే హరాయ్-గోషి నయం, ఎందుకంటే బరువు ముందుకు వస్తుండగా తుంటి దింపడం వాళ్ళకి వీలుకాదు. ప్రత్యర్థి నడుం వంచి తల దించి ఆడేవారైతే ఈ రెండూ వద్దు.

ఉచి-మాతా, తాయ్-ఓతోషి

అసలు చిక్కు పోలిక ఇదే. రెండూ ముందు వైపు త్రోలే, రెండింటికీ ప్రవేశం దాదాపు ఒకటే, చేతుల పని కూడా దగ్గరదగ్గర ఒకటే. తేడా కుడికాలు దగ్గర. ఉచి-మాతాలో అది గాల్లోకి లేస్తుంది, తాయ్-ఓతోషిలో నేల మీద ఉంటుంది. ఆ ఒక్క తేడా వల్ల ప్రమాదం లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఉచి-మాతా దూరం నుంచి కూడా అందుతుంది, నిలబడే వాటాలు వేరైన కెన్కా-యోత్సులో కూడా పనిచేస్తుంది, గెంతుతూ వెంటాడవచ్చు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 100 కిలోల విభాగం ఫైనల్‌ని కోసెయ్ ఇనోఉయె దీంతోనే ముగించాడు. అదే సిడ్నీలో 100 కిలోల పై విభాగం ఫైనల్ దీని రెండో ముఖం చూపించింది. ఫ్రాన్స్ ఆటగాడు డేవిడ్ దుయె ఉచి-మాతాకి వెళ్ళాడు, షినిచి షినోహారా కాలు తప్పించి సుకాషితో తిప్పాడు. ఇద్దరూ కలిసే పడ్డారు. రిఫరీ యుకో (చిన్న స్కోరు) ఇచ్చింది దుయెకి. షినోహారా ఓడిపోయాడు, ఆ తీర్పు మీద వాదన ఏళ్ళ తరబడి సాగింది. ఎవరిది న్యాయమన్నది పక్కన పెడితే, త్రో వేసేవారికి అందులో పాఠం వేరే ఉంది: ఉచి-మాతాలో కాలు గాలిని తన్నితే ఆపైన ఎవరు ఎవరిని పడేశారో మ్యాట్ పక్కన కూర్చున్నవాళ్ళకే తెలియదు, ఫలితం మీ చేతిలో ఉండదు.

సుకాషికి దొరికే కారణాలు మూడే. ఎడమచేతి లాగుడు సడలడం, మీ తుంటి తగలకముందే కాలు లేవడం, ఎప్పుడూ ఒకే అడుగు లెక్కతో రావడం. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మూడుసార్లు ఒకే లయలో ఉచి-మాతాకి వెళ్తే నాలుగోసారి ప్రత్యర్థి మీకంటే ముందే కదులుతారు. దీనికి మందు ఓఉచి-గారి, అంటే లోపలి నుంచి కాలికి కొక్కెం వేసి వెనక్కి పడేసేది. రెండుసార్లు నిజంగా ఓఉచి వేస్తే వాళ్ళు కాళ్ళు ఎడంగా పెట్టి బరువు ముందుకి తెస్తారు. ఎడంగా ఉన్న కాళ్ళతో సుకాషి చేయడం కష్టం, మోకాళ్ళు దగ్గరికి తేవడానికి వ్యవధి చాలదు. లేపాల్సిన కాలి మీద బరువు పిన్ను కొట్టినట్టు ఉండాలి, అప్పుడే కాలు లేపాలి.

ఎడమపాదం ప్రత్యర్థి రెండు పాదాల మధ్యలోకి, మడమ తిరిగేలా పడాలి. చూపు ఎడమ భుజం మీదుగా పక్కకి పోవాలి. రెండు కాళ్ళ సందులోంచి కిందికి చూస్తే తల మ్యాట్‌లోకి దిగుతుంది. ఉచి-మాతా, హరాయ్-గోషి లాంటివాటిలో తలని ముందుగా మ్యాట్‌కి గుచ్చుతూ దూకితే పోటీలో నేరుగా హన్సోకు-మాకె, ఆటలోంచి బయటికే. ఆ నియమం మెడ వెన్నుపూస కోసం పెట్టింది. సాధనలో చెప్పడానికి రిఫరీ ఉండరు కాబట్టి అక్కడ మీరే గట్టిగా పాటించాలి.

తాయ్-ఓతోషి లెక్క వేరు. రెండు పాదాలూ నేల మీదే ఉంటాయి కాబట్టి మిమ్మల్ని ఎత్తడం కష్టం, సుకాషికి తావే లేదు. తప్పితే కుడికాలు వెనక్కి తీసుకుంటే చాలు, మళ్ళీ ఎదురెదురే. ఎదుటివారు చేయగలిగేది రెండు. కాలు దాటుకుని అవతలికి వచ్చి అదే త్రో మీకు వేయొచ్చు, లేదా పక్కనుంచి వెనక్కి కూర్చుంటూ తాని-ఓతోషి వేయొచ్చు. మొదటిది మీ కాలు మరీ కింద, బలహీనంగా, ఛాతీ దూరంగా ఉన్నప్పుడు. రెండోది మీరు తుంటి చాలా దూరం తిప్పి, చేతుల లాగుడు ఆపేసినప్పుడు.

దీనిలోని అసలు ప్రమాదం కౌంటర్ కాదు, మోకాలు. కుడికాలు ప్రత్యర్థి చీలమండ పైన, పిక్క కింది భాగానికి అడ్డంగా ఉండాలి. మోకాలి ఎత్తున పక్కనుంచి అడ్డం పెడితే వాళ్ళ మోకాలి లోపలి కట్టు తెగే వీలుంది. మీ మోకాలు కొంచెం వంగి, చిప్ప నేలవైపు చూడాలి, మడమ లేచి ముందుపాదం మాత్రమే ఆనాలి. మోకాలు తిన్నగా బిగించి, చిప్ప ప్రత్యర్థి వైపు తిప్పి ఉంచితే ఎనభై తొంభై కిలోల మనిషి దాని మీదే పడినప్పుడు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మా ఎంపిక: మొదటి రెండేళ్ళు తాయ్-ఓతోషినే ప్రధానంగా పెట్టుకోండి. ఉచి-మాతాని సాధనలో చేయండి, రాండోరిలో (జోడీతో స్వేచ్ఛగా తలపడే సాధనలో) వేయండి, కాని మ్యాచ్‌లో ముందున్నప్పుడు దాచుకోండి. ఇద్దరి వాటాలూ వేరైనప్పుడు, ప్రత్యర్థి దూరం పెట్టి ఆడుతున్నప్పుడు మాత్రం ఉచి-మాతాదే పైచేయి. తాయ్-ఓతోషి అంత దూరం అందదు.

సెయోయ్-నాగె: నిలబడి వేసేదా, మోకాళ్ళ మీద వేసేదా

సెయోయ్ అంటే ప్రత్యర్థిని వీపు మీదికి ఎత్తుకుని భుజం మీదుగా వేయడం. నిలబడి వేసే సెయోయ్‌కి కౌంటర్ ప్రమాదం ఎంతో బెల్టుల ఎత్తులో తెలిసిపోతుంది. లోపలికి తిరిగాక మీ బెల్టు ప్రత్యర్థి బెల్టుకంటే ఒక జానెడు కింద ఉంటే వాళ్ళ తుంటి మిమ్మల్ని అడ్డుకోలేదు. సమానంగా ఉంటే వాళ్ళే కింద ఉన్నట్టు లెక్క, ఉషిరో-గోషి వేసి లేపుతారు. మోకాళ్ళు వంచడానికి బద్ధకించి నడుం ముందుకు వంచేవాళ్ళు చాలామంది. అది ఎత్తు తగ్గించదు, వీపుని బల్లలా పరుస్తుంది.

ఇప్పోన్-సెయోయ్‌లో మీరు ప్రత్యర్థి కుడిచేతిని మాత్రమే బంధిస్తారు, ఎడమచేయి స్వేచ్ఛగా ఉంటుంది. ఆ ఎడమచేయి ఎక్కడికి పోతుందో చూసే అలవాటు చేసుకోవాలి. మీ నడుం చుట్టూ వస్తే ఉరా-నాగె, కాలర్ దగ్గరికి వస్తే వెనక నుంచి గొంతు బిగింపు. దానికి పరిష్కారం వేగం కాదు, స్లీవ్ లాగుడు. కుడి స్లీవ్ మీ ఛాతీ ముందు నుంచి బయటికి లాగితే వాళ్ళ ఎడమ భుజం మీ నుంచి దూరం పోతుంది, చేయి చుట్టడానికి అందదు. రెండు చేతులూ వాడే మొరోతె-సెయోయ్‌లో ఈ భయం తక్కువ, కాని మీ మోచేయి ప్రత్యర్థి చంకలోకి పూర్తిగా దూరకుండా తిప్పితే మోచేతి కీలు మెలితిరుగుతుంది. చేతులు పొట్టిగా ఉన్నవాళ్ళకి, బిగుసుకున్న జూడోగి (జూడో దుస్తులు) మీద ఆడేవాళ్ళకి ఇప్పోన్-సెయోయ్ నయం.

మోకాళ్ళ మీద పడి వేసే డ్రాప్ సెయోయ్‌లో నిలబడి ఎత్తే కౌంటర్ లేదు, ఎత్తడానికి మీరు నేల మీద ఉన్నారు. అందుకే కుర్రాళ్ళకి దీని మీద మోజు. కాని ఎదురుదెబ్బ రూపం మార్చుకుని వస్తుంది. తప్పితే మీరు తాబేలులా బోర్లా ఉండిపోతారు, ప్రత్యర్థి మీ వీపు మీద ఉంటారు. అక్కడి నుంచి తిరగేసి 20 సెకన్లు అదిమిపెడితే ఇప్పోన్. గొంతు బిగింపైతే అంత సమయం కూడా పట్టదు. పడిన వెంటనే మోచేతులు పక్కటెముకలకి, గడ్డం ఛాతీకి చేరాలి, రెండు చేతులూ కాలర్ దగ్గర కాపలా ఉండాలి. నేల ఆట బలహీనంగా ఉన్నవాళ్ళు డ్రాప్ సెయోయ్‌ని భద్రమైనదనుకోవడం ఒక గోతి తప్పించుకుని ఇంకో గోతిలో దిగడమే.

ఇంకా రెండు జాగ్రత్తలు. మోకాళ్ళు ఎత్తునుంచి ఠపీమని పడకూడదు, పిక్కలు, పాదాల పైభాగం కూడా బరువు పంచుకోవాలి. ఎదుగుతున్న పిల్లలకి ఇది రోజువారీ సాధనగా పెట్టకండి. ఇక ప్రత్యర్థి చేయి మీరు బంధించేశారు కాబట్టి వాళ్ళు తల ముందుగా పడే ప్రమాదం ఉంది. వాళ్ళ పాదాల మధ్యలోకి పూర్తిగా దూరి, చివరిదాకా స్లీవ్ పైకి లాగి ఉంచితేనే వీపు మీద పడతారు. దూరంగా, ముందు పడి లాగితే నేరుగా తల మీదకి వస్తారు.

కోఉచి-గారి, ఓఉచి-గారి

ఈ రెండూ వెనక్కి పడేసేవి, రెండింటిలోనూ మీరు ప్రత్యర్థికి ఎదురుగానే ఉంటారు, వీపు చూపించరు. ప్రమాదంలో మాత్రం సమానం కాదు.

కోఉచి-గారి అన్నింటిలోకీ చవక. కుడి అరికాలితో వాళ్ళ కుడి మడమని లోపలి నుంచి, వాళ్ళ బొటనవేలు చూపే దిశగా లాగుతారు. తప్పినా మీ పాదం నేలనుంచి బెత్తెడు కంటే లేవదు. కోఉచి-గాయెషి ఉంది, అది లాగబోయిన పాదాన్ని వెనక్కి తీసి చేతులతో తిప్పడం. మీరు పాదం వైపు వంగి చూస్తేనే అది పనిచేస్తుంది. తల నిటారుగా ఉంచితే దాదాపు లేనట్టే. లోపం ఏమిటంటే ఒంటరిగా ఇది గొప్ప త్రో కాదు, బరువు మడమ మీదికి దిగుతున్న క్షణాన్ని పట్టుకోవాలి. దిగాక లాగితే పాదం కదలదు, దిగకముందే లాగితే పాదం ఉత్తినే లేచి ఇంకోచోట పడుతుంది.

ఓఉచి-గారి పెద్దది. కుడికాలితో ఎడమకాలిని లోపలి నుంచి కొక్కెం వేసి, నేల మీద అర్ధచంద్రం గీస్తున్నట్టు బొటనవేలు రాసుకుంటూ లాగాలి. బొటనవేలు నేల వదిలితే ఓఉచి-గాయెషికి తలుపు తీసినట్టే, వాళ్ళు అదే కాలితో మీ కాలిని ఊడ్చి, చేతులతో పక్కకి తిప్పి మిమ్మల్ని వెల్లకిలా వేస్తారు. ఛాతీ అంటించకుండా చేయి చాచి తోసినా అదే గతి. ఒసోతోలా ఇక్కడా ఛాతీల మధ్య ఖాళీయే శత్రువు. ఓఉచికి ఎప్పుడూ పొట్టపొట్ట తగిలేలా వెళ్ళండి, అది రానివాళ్ళు కోఉచితోనే సరిపెట్టుకోండి.

పాదాల ఊడ్పుల గురించి రెండు ముక్కలు. దెఆషి-బరాయ్ తప్పితే త్సుబామె-గాయెషి వస్తుంది, అయినా పడే ఎత్తు తక్కువ. చీలమండ ఎముకకి ఎముక కొట్టుకోవడమే ఎక్కువ బాధ. అరికాలు నిటారుగా తిప్పి చిటికెనవేలు అంచు నేల రాసుకుంటూ వెళ్తే ఆ బాధా ఉండదు. ససాయె-త్సురికోమి-ఆషిలో వెనక్కి వాలతారు కాబట్టి చేతులు తిప్పకుండా కాలు మాత్రమే అడ్డం పెడితే ప్రత్యర్థి మీ మీదికి నడిచివచ్చి ఓఉచి వేసేస్తారు.

వెనక్కి పడి వేసేవి

సుతెమి-వజాల్లో, అంటే మనమే పడుతూ వేసే త్రోల్లో, నిలబడి తినే కౌంటర్ అంటూ ఉండదు, తప్పితే మీరే కింద ఉంటారు. అందుకే వీటిని నేల ఆట బాగా వచ్చినవాళ్ళకే సూచిస్తాం. తొమొయె-నాగె, సుమి-గాయెషి మధ్య ఎంపిక దూరాన్ని బట్టి ఉంటుంది. చేతులు చాచి దూరం పెట్టేవారి మీద తొమొయె-నాగె, వంగి తల దించి దగ్గరికి వచ్చేవారి మీద సుమి-గాయెషి. సుమి-గాయెషికి ప్రత్యర్థి వీపు మీదుగా బెల్టు పట్టు దొరికిందంటే తప్పినా మనిషి మీ చేతిలోనే ఉంటారు. తొమొయెలో పాదం జారితే వాళ్ళు మీ కాళ్ళు దాటి ఛాతీ మీదికి వచ్చేస్తారు. పాదం పొట్ట మీద బెల్టు దగ్గర ఆనాలి, ఛాతీకి పైన పెడితే జారుతుంది.

కౌంటర్ వేస్తారని తెలిసిన మనిషితో

కొందరు ఆడేదే కౌంటర్ కోసం. ముందుకు రారు, ఎత్తు వేయరు, మీరు లోపలికి రావడం కోసం కూర్చుంటారు. వాళ్ళ మీద మీకు ఇష్టమైన పెద్ద త్రోతో మొదలుపెట్టడం వాళ్ళకి కావలసినదే ఇవ్వడం. మొదట స్లీవ్ పట్టు దక్కించుకోండి. ప్రత్యర్థి కుడిచేయి మీ వీపు మీదకో నడుం చుట్టుకో వెళ్ళగలిగే స్థితిలో వీపు తిప్పే ఏ త్రోకీ వెళ్ళకండి. నడుం చుట్టూ చేయి పడిందంటే ఉరా-నాగె సగం అయిపోయినట్టే. ఆ తర్వాత వాళ్ళని కదిలించండి. కోఉచి, దెఆషి లాంటి చవక ఎత్తులు రెండు మూడు వేసి అడుగులు వేయించండి. అడుగు గాల్లో ఉన్నప్పుడు ఎవరూ తుంటి దింపి అడ్డుకోలేరు. ఇంకా మంచిది, వాళ్ళు పట్టుకోబోతున్న క్షణంలోనే వెళ్ళడం: చేయి చాచినప్పుడు వాళ్ళ బరువు ముందుకి ఉంటుంది.

ఉరా-నాగెకి ఎత్తుతున్నారని అర్థమైనప్పుడు చాలామంది చేసేది వాళ్ళ కాలికి తమ కాలు మెలిపెట్టడం. కింద నిలవడానికి పెట్టే ఆ మెలిక ఇద్దరూ వెనక్కి పడేటట్టు మారితే అది కవాజు-గాకె అవుతుంది. కవాజు-గాకె నిషిద్ధం, పోటీలో నేరుగా హన్సోకు-మాకె, సాధనలో ఎదుటివారి మోకాలు పోతుంది. దానికి బదులు తుంటి కిందికి దించి, వాళ్ళ వైపే తిరిగి ఓఉచి-గారికి మారండి. అందకపోతే ఒప్పుకుని సరిగ్గా పడండి.

పడటంలో పొరపాటు చేసే చోట్లు: చేయి చాచి నేలకి ఆనించడం, అది మోచేయి తప్పించడానికి దగ్గరి దారి. ఆఖరి క్షణంలో మెడ మీద వంతెన కట్టి వీపు తప్పించుకోవాలనుకోవడం. గాల్లో ఆలస్యంగా బోర్లా తిరగబోయి భుజం కొస మీద పడటం. పాయింట్ పోతుందని వేసే ఈ మూడు వేషాలకీ పాయింట్‌కంటే ఎక్కువే పోతుంది. పట్టులో ఉన్న స్లీవ్ వదలకుండా, గడ్డం లోపలికి పెట్టి, ఖాళీగా ఉన్న చేత్తో మ్యాట్ కొట్టండి. ఇంకొక నియమం కూడా తెలిసి ఉండాలి: కౌంటర్ వేసినవారు మ్యాట్ తగిలాక ఆ దెబ్బ ఊపుతో మిమ్మల్ని దొర్లించి పైకి వస్తే దానికి స్కోరు లేదు. నేల తాకేలోపు ఎవరి అదుపులో ఉందో దాన్నే చూస్తారు. కాబట్టి మీరు వేటు మధ్యలో వదిలేయకుండా నేల దాకా స్లీవ్ లాగుతూ ఉంటే, సగం కౌంటర్లు స్కోరు కాకుండా పోతాయి.

జోడీతో సాధన

కౌంటర్ సాధన చాలా క్లబ్బుల్లో వదిలేస్తారు, లేదా ఒక్కసారిగా పూర్తి బలంతో చేస్తారు. రెండూ సరికాదు. మొదటి వారం మీరు త్రోకి సగం వరకు వెళ్ళి ఆగండి, జోడీ తుంటి దింపి అడ్డుకుని ఆగాలి, ఎత్తకూడదు. అడ్డు తగలగానే మీరు వెనక్కి రావడమో వేరే త్రోకి మారడమో చేయాలి. ఒక్కో త్రోకి 10 చొప్పున, మూడు విడతలు చాలు. రెండో వారం జోడీ చెప్పకుండా, 10లో మూడుసార్లే అడ్డుకోవాలి. ఎప్పుడు వస్తుందో తెలియకపోతేనే చేతులకి బరువు చదవడం అలవాటవుతుంది. మూడో వారం కౌంటర్ పూర్తిగా వేయనివ్వండి, కాని ఉరా-నాగె, ఉషిరో-గోషి మాత్రం మెత్తటి క్రాష్ మ్యాట్ మీదే.

జోడీకి ఏ కౌంటర్లు ఇవ్వాలన్నది కూడా ఎంపికే. సుకాషి ఇద్దరికీ భద్రం, ముందు అదే నేర్పండి. ఓఉచి-గాయెషి, కోఉచి-గాయెషి తర్వాత. ఒసోతో-గాయెషి పడటం బాగా వచ్చాకే, తల కారణం పైన చెప్పినదే. తాని-ఓతోషి అన్నిటికంటే చివర. అది చూడ్డానికి సులువు, అందుకే కొత్తవాళ్ళు ముందు నేర్చుకుంటారు, కాని కూర్చునేవారు వెనక్కి కాకుండా పక్కకి కూలితే బరువంతా ఎదుటివారి మోకాలి పక్కభాగం మీద పడుతుంది. తుంటి ప్రత్యర్థి మడమల వెనక నేలకి ఆనాలి, వాళ్ళ కాలి మీద కాదు. ఈ తేడాని నిలబడి నెమ్మదిగా 20 సార్లు తప్పు లేకుండా చూపించగలిగే దాకా రాండోరిలో తాని-ఓతోషి వద్దని మ్యాట్ మీదికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందే చెప్పేయాలి.